ఊక బూడిదలో చిటికెడు మాంగనీసు

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి సిలికేట్ ఫాస్ఫర్లు (అతినీలలోహిత కాంతి పడితే రంగుగా వెలిగే పొడులు) తీసుకున్నానంటే మా తణుకు వైపు ఎవరికీ ఏమీ బోధపడలేదు. నాన్నకి మాత్రం “సిలికా కావాలి, ఊకలో ఉంటుంది” అంటే చాలు, తెలిసిన రైస్ మిల్లు నుంచి గోతం నిండా ఊక దింపించేశారు. మిల్లు బాయిలర్ బూడిద పనికిరాదు, అందులో కాలని బొగ్గు ఎక్కువ.

ముందు హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో మరిగించి, కడిగి, ఆ తర్వాతే కాల్చమని మేడమ్ పట్టుబట్టారు. ఇనుము ఆనవాలుగా మిగిలినా ఫాస్ఫర్ మసకబారుతుంది; అందిన శక్తిని వెలుగు కానివ్వకుండా వేడిగా పోగొట్టేస్తుంది. నికెల్, కోబాల్ట్‌దీ అదే గుణం.

ఆ తెల్లటి బూడిదకి మోల్ లెక్కన రెట్టింపు జింక్ ఆక్సైడ్, జింక్‌లో కొద్ది శాతానికి బదులు మాంగనీసు కార్బనేట్. ఎసిటోన్ పోసి అగేట్ మోర్టార్‌లో (గట్టి రాతి కల్వంలో) నూరేసరికి రెక్కలు పడిపోయాయి. 1200 డిగ్రీల దగ్గర కాల్చి తీస్తే చూడ్డానికి ఉత్త తెల్ల పొడే. 254 నానోమీటర్ల అతినీలలోహిత దీపం కింద పెట్టగానే నారుమడి పచ్చ! మాంగనీసు వెయ్యనిది పక్కనే దాదాపు చీకటిగా ఉండిపోయింది. పాత ఆసిలోస్కోపు తెరల మీది పచ్చ గీత ఈ పదార్థానిదే, మాంగనీసు కలిసిన జింక్ సిలికేట్‌ది.

మాంగనీసు పెంచితే వెలుగు పెరుగుతూనే ఉంటుందా అంటే, లేదు. కొంత దాటాక మాంగనీసు అయాన్లు దగ్గరపడి, శక్తి ఒకదాన్నుంచి ఇంకోదానికి గెంతుకుంటూ పోయి ఏదో లోపం దగ్గర ఆరిపోతుంది.

నాకు బాగా నచ్చింది కాల్షియం సిలికేట్. అదే మాంగనీసు అక్కడ నారింజ రంగిస్తుంది. రంగు మారేది చుట్టూ ఉన్న ఆక్సిజన్లని బట్టి: జింక్ స్థానంలో చుట్టూ నాలుగు ఆక్సిజన్లుంటే, కాల్షియం స్థానంలో ఆరు. అయితే ఇక్కడ 254 కాంతిని మాంగనీసు తనంతట తాను సరిగా పీల్చుకోలేదు. కాస్త సీసం కలిపితే అది పీల్చి దీనికి అందిస్తుంది. సీసం విషం కదా, ఫ్యూమ్ హుడ్ (పొగలు బయటికి లాగే పెట్టె) తప్పదు.

చివరిది స్ట్రాన్షియం సిలికేట్‌లో యూరోపియం. గాలిలో కాలిస్తే అది త్రీ ప్లస్ (మూడు ఎలక్ట్రాన్లు పోయిన అయాన్), ఎరుపు. ఒక ఎలక్ట్రాన్ తిరిగి ఇచ్చి టూ ప్లస్‌కి దింపితే పసుపుపచ్చ, తెల్ల ఎల్ఈడీలకి కావలసింది ఇదే. అలా దింపడానికి మాకు హైడ్రోజన్ సౌకర్యం లేదు. మూత బిగించిన పెద్ద క్రూసిబుల్‌లో (వేడికి తట్టుకునే మూసలో) కోనసీమ కొబ్బరిచిప్పల బొగ్గు నింపి, మధ్యలో చిన్న క్రూసిబుల్ పెట్టి కాల్చాం.

వైవాలో ఎక్స్‌టర్నల్ పట్టుకున్నదీ దాన్నే: వెలుగు గ్రాఫులో 612 నానోమీటర్ల దగ్గర ఎర్ర శిఖరం ఇంకా ఎందుకుందని. కొంత యూరోపియం త్రీ ప్లస్‌లోనే మిగిలిపోయిందండీ, బొగ్గు అంతవరకే లాగింది అన్నాను. తలూపి పేజీ తిప్పేశారు.