ఆటోనగర్‌లో సఫారీ ర్యాలీ

కెన్యాలో జరిగే కార్ల పోటీ సఫారీ ర్యాలీ మొదలైందంటే మా స్పేర్‌పార్ట్స్ కొట్టులో పని కుంటుపడుతుంది. కెన్యా టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ పొద్దున ఎనిమిదికి బండి కదిలితే ఇక్కడ పదిన్నర. ఆటోనగర్ షట్టర్లన్నీ లేచి, షెడ్ల కుర్రాళ్ళు బేరింగులకీ ఆయిల్ సీళ్ళకీ కౌంటరు మీద పడే వేళ. నా ఫోను బిల్లుబుక్కుకి ఆనించి ఉంటుంది. సామాను చేతికొచ్చినా ఒక్కడూ కదలడు. "బాబాయ్, అద్దం పక్కన ఆ గొట్టమేంటి?" స్నార్కెల్ రా. వాగు దాటేటప్పుడు నీళ్ళూ, పిండిలాంటి దుమ్మూ ఇంజన్లోకి పోకుండా గాలి పైనుంచి పీల్చుకోవడానికి.

పక్క షెడ్డు మేస్త్రీగారికి మొదట్లో ఇది ఎక్కలేదు. "ఒక్క బండే పోతోందిగా, పోటీ ఎవరితో?" అన్నారు. గడియారంతోనండీ అన్నాను. నిమిషాల తేడాతో ఒక్కోదాన్ని వదుల్తారు, ఎవరికి తక్కువ టైము పడితే వాళ్ళదే ఆ స్టేజీ, అంటే టైము కట్టే ఆ రోడ్డు ముక్క. తర్వాతి స్టేజీ దాకా మాత్రం నంబరుప్లేటుతో, ట్రాఫిక్ రూల్సు పాటిస్తూ మామూలు రోడ్డు మీదే పోవాలి. ఆ బండి బెంజిసర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగినట్టు ఊహించుకున్నారేమో, తెగ నవ్వారు.

ఆయన్ని పట్టేసింది రిపేర్లు. టీములు బళ్ళు బాగుచేసుకునే చోటు సర్వీస్ పార్కు; దాని బయట మెకానిక్కులు బండిని ముట్టుకోకూడదు. డ్రైవరూ, పక్కన కూర్చుని మలుపులు చదివే కో-డ్రైవరూ దిగి, బండిలో ఉన్న పానాలతోనే తంటాలు పడాలి. ఓసారి ఒకాయన దుమ్ములో బోర్లా పడుకుని, విరిగిన సస్పెన్షన్‌ని పట్టీతో బిగించి కడుతుంటే మేస్త్రీగారు టీ గ్లాసు పక్కన పెట్టేశారు. "వీడు మనోడే!" అన్నారు. అసలు మనోడు వేరే ఉన్నాడని జోగిందర్ సింగ్ గురించి చెప్పాను. కెన్యాలో పుట్టిన సర్దార్జీ, నాన్న గ్యారేజీలో పానా పట్టి ఎదిగినవాడు. 1965లో తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని పాత వోల్వోతో సఫారీ గెలిచాడు. 1974, 1976లో మళ్ళీ. ఆ కథ విన్నప్పట్నుంచి మేస్త్రీగారికి ఫార్ములా వన్ ఆనదు. నాకెప్పుడూ ఆనలేదు లెండి.

మొన్న 2015 మెక్సికో ర్యాలీ వీడియో చూపించాను. ఓట్ టానక్ అనే డ్రైవరు ఫోర్డ్ ఫియెస్టా కారు రోడ్డు తప్పి చెరువులోకి దొర్లింది. ఇద్దరూ ఈదుకుంటూ బయటపడ్డారు, బండి బుడుంగున మునిగింది. దాన్ని పైకి లాగి, మూడు గంటల సర్వీసులో విప్పి, ఆరబెట్టి, బిగించి, తిరిగి అదే ర్యాలీలోకి పంపారు.

మేస్త్రీగారు వీడియో ఆపారు. 2024లో బుడమేరు పొంగినప్పుడు నీళ్ళెక్కిన కార్లు ఆయన షెడ్డు ముందు వారాల తరబడి బారులు తీరాయి. సీట్లు పీకి, కార్పెట్లు ఎండేసి, బురద పట్టిన వైరింగు కప్లర్లని ఒక్కోటీ బ్రష్షుతో తోమిన మనిషి.

"స్పేర్లన్నీ పక్కనే పేర్చి ఉంటే నేనూ చేస్తా," అన్నారు. "వాళ్ళకి ఇన్సూరెన్సు సర్వేయరు రావాల్సిన పన్లేదుగా!"