ఆ ఫోన్ రాకపోయి ఉంటే

ఆగ్నేయాసియాలోని మెకాంగ్ నదిలో దొరికిన ఆ స్టింగ్‌రే (పళ్లెంలా చదునుగా, పొడవాటి తోకతో ఉండే చేప) ఫొటో మొదటిసారి చూసినప్పుడు నాకు అందులో చేపే కనపడలేదు. లోతు లేని నీళ్లలో కొంతమంది గుమిగూడి ఉన్నారు, వాళ్ల మధ్య గోధుమ రంగులో బురద దిబ్బ లాంటిది ఏదో ఉంది. కాసేపు కళ్లప్పగించి చూస్తేగానీ ఆ దిబ్బే చేప అని తెలియలేదు. 3.98 మీటర్ల పొడవు, 2.2 మీటర్ల వెడల్పు, 300 కిలోల బరువు! తూకం వేసి నమోదు చేసిన మంచినీటి చేపల్లో ఇంతకంటే బరువైనది లేదు. అంతకుముందు రికార్డు 2005లో థాయ్‌లాండ్‌లో పట్టిన మెకాంగ్ జెయింట్ క్యాట్‌ఫిష్‌ది, 293 కిలోలు. అదీ ఈ నదిదే. (బెలూగా స్టర్జన్ అనే చేప ఇంకా పెద్దది కదా అంటారేమో, నిజమే, కానీ అది గుడ్లు పెట్టడానికి నదిలోకి వచ్చినా పెరిగేది సముద్రంలో, అందుకే ఈ లెక్కలో కలపరు.)

ఇది జరిగింది 2022 జూన్ 13న, కంబోడియా ఉత్తరాన స్టుంగ్ ట్రెంగ్ దగ్గర కో ప్రే అనే లంకలో. గాలానికి చిక్కింది. పట్టిన జాలరి దాన్ని ముక్కలు కోసి అమ్ముకోవచ్చు, అడ్డుపడేవాళ్లు ఎవరూ లేరు. అతను మాత్రం ఫోన్ చేశాడు. 'వండర్స్ ఆఫ్ ద మెకాంగ్' అనే పరిశోధన ప్రాజెక్టు వాళ్లు ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ముందే చెప్పి ఉంచారు, పెద్ద చేప ఏది పడినా చంపకండి, మాకు చెప్పండి, మార్కెట్ ధర మేమిస్తాం అని. వాళ్లు వచ్చి తూకం వేశారు, కొలతలు తీసుకున్నారు, ఎక్కడెక్కడ తిరుగుతుందో తెలియడానికి ఒక ట్యాగ్ అమర్చారు, జాలరికి సుమారు 600 డాలర్లు ఇచ్చారు, ఆ ఆడ చేపని మళ్లీ నదిలోకి వదిలేశారు. దానికి బొరామీ అని పేరు పెట్టారు. ఖ్మేర్ భాషలో నిండు చంద్రుడు అని అర్థం. నాకైతే ఆ మాటలో మన పౌర్ణమి వినిపిస్తుంది, చేపని వదిలింది కూడా పౌర్ణమి నాడే.

నేను ఈ పోస్టు రాస్తున్నది ఆ ఫోన్ కోసమే. వార్తల్లో 'శాస్త్రవేత్తలు కనుగొన్నారు' అని వస్తుంది. కానీ ఆ నది ఒడ్డున పుట్టి పెరిగినవాళ్లకి అడుగున ఏముందో మనకంటే బాగా తెలుసు, ఎందుకంటే వాళ్ల వలలు చింపేది అవే. అంతకు నెల ముందే, మేలో, అక్కడే 180 కిలోల స్టింగ్‌రే ఒకటి పడింది. ఆ ప్రాంతంలో నది అడుగున 80 మీటర్ల దాకా లోతున్న మడుగులు ఉన్నాయి. ఎండాకాలంలో నది తగ్గినా అక్కడ నీళ్లుంటాయి, పెద్ద చేపలు అక్కడే తలదాచుకుంటాయి. పైన పడవలో వెళ్లేవాళ్లకి కింద మంచమంత చేప ఇసుకలో పడుకుని ఉందని ఎలా తెలుస్తుంది? నోరు పొట్ట కింద, కళ్లు వీపు మీద చిన్న చుక్కల్లా. కళ్ల వెనకే రెండు రంధ్రాలుంటాయి. ఇసుకలో కూరుకుపోయినా పైనుంచి నీళ్లు పీల్చుకునేది వాటితోనే.

ఇంకో విషయం తెలిసి చాలాసేపు దాని గురించే ఆలోచించాను. ఈ స్టింగ్‌రే జాతిని మొదట వర్ణించింది 1852లో, బ్లీకర్ అనే డచ్ శాస్త్రవేత్త. ఆయన చేతికి అందింది జావాలో దొరికిన పిల్ల చేప, వెడల్పు 30 సెంటీమీటర్లే. తర్వాత 1990లో థాయ్‌లాండ్‌లోని పెద్ద చేపలు చూసి ఇదేదో కొత్త జాతి అని వేరే పేరు పెట్టారు. రెండూ ఒకటేనని తేల్చడానికి ఇంకా ఏళ్లు పట్టింది. అంత పెద్ద జంతువుని రెండుసార్లు 'కనుక్కున్నారు' అన్నమాట.

చైనా జెయింట్ సాలమాండర్‌దీ ఇలాంటి కథే. బల్లి ఆకారంలో ఉండే ఉభయచరం, నదుల్లో బతుకుతుంది, 1.8 మీటర్ల దాకా పెరుగుతుంది. అన్నీ ఒకే జాతి అనుకుంటూ వచ్చారు. 2019లో మ్యూజియం నమూనాల డీఎన్ఏ పరీక్షిస్తే దక్షిణ చైనావి వేరే జాతి అని బయటపడింది. ఆ జాతిదే ఒకటి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో లండన్ జూలో 20 ఏళ్లు బతికింది. అన్నేళ్లు జనం దాన్ని అద్దంలోంచి చూసి వెళ్లారు.

ఆలస్యం అయితే ఏమవుతుందో చైనాలోని యాంగ్‌ట్సీ నది చూపించింది. కత్తి లాంటి పొడవాటి ముక్కున్న చైనీస్ ప్యాడిల్‌ఫిష్ ప్రాణంతో చివరిసారి కనిపించింది 2003లో. ఆనకట్టలు కట్టాక అది గుడ్లు పెట్టే చోటికి వెళ్లలేకపోయింది, దానికి తోడు వేట. 2022లో అంతరించిపోయిందని అధికారికంగా ప్రకటించారు. 30 కిలోలు దాటే మంచినీటి జంతువుల సంఖ్య 1970 నుంచి 2012 మధ్య ప్రపంచంలో 88 శాతం తగ్గిందని ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఈ అంకె చదివినప్పుడల్లా గుండె కలుక్కుమంటుంది. పెద్ద జంతువులు నిదానంగా పెరుగుతాయి, అదే వాటికి శాపం. టాస్మానియాలో పెద్ద రొయ్యలా ఉండే ఒక క్రేఫిష్ ఉంది, వెన్నెముక లేని మంచినీటి జీవుల్లో అన్నిటికంటే పెద్దది. ఆడది పిల్లల్ని కనే వయసుకి రావడానికి 14 ఏళ్లు పడుతుంది. ఈలోపు ఒక్కసారి ఎవరికైనా దొరికితే చాలు, అంతే.

2024 డిసెంబర్‌లో కంబోడియా నుంచి ఇంకో వార్త వచ్చింది. ఐదు రోజుల్లో ఆరు జెయింట్ క్యాట్‌ఫిష్‌లు పడ్డాయి. అన్నిట్లో పెద్దది 131 కిలోలు. ఒక్కదాన్ని కూడా కోయలేదు. ఆరింటికీ ట్యాగ్‌లు వేసి నదిలోకి వదిలేశారు.