అయస్కాంతం అంటుకుందని నన్ను మోసగాణ్ణి చేశారు

నా స్టీల్ శిల్పం అమ్ముడుపోయింది. డబ్బు నిన్ననే చేతికొచ్చింది. కోపం మాత్రం తగ్గలేదు, అందుకే ఆలస్యం చేయకుండా రాస్తున్నాను.

మనిషంత ఎత్తున్న స్త్రీ రూపం అది. ఒక చేయి పైకెత్తి, నడుము కాస్త పక్కకు తిప్పి నిలబడి ఉంటుంది. 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ రేకును ముక్కలుగా కోసి, ఇసుక సంచి మీద పెట్టి సుత్తితో వంపులు తీసి, టిగ్ వెల్డింగ్‌తో (కరెంటు మెరుపుతో లోహాన్ని కరిగించి అతికే పద్ధతి) అతికించాను. ఆ భుజం వంపు అంత నున్నగా తీయగలిగినవాళ్లు ఎక్కువమంది ఉండరని ధైర్యంగా చెప్పగలను.

ఫొటోలు, కొలతలు పంపడం, గ్యాలరీతో ఒప్పందం తేలిగ్గానే అయిపోయాయి. కమీషన్ సగం అడిగారు, ఒప్పుకున్నాను. కొనేవాళ్లు కూడా త్వరగానే దొరికారు.

అసలు కథ తనిఖీ రోజున. కొనేవారి తరఫున ఒక సలహాదారు వచ్చారు. ఆయన శిల్పం చుట్టూ తిరగలేదు, దాని ముఖం కూడా చూడలేదు. జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి మోచేతి వంపు మీద పెట్టారు. అంటుకుంది. మెడ దగ్గర అతుకు మీద పెడితే అక్కడా పట్టింది. "ఇది స్టెయిన్‌లెస్ కాదండీ, మామూలు ఇనుముకు పాలిష్ పెట్టారు" అని అందరి ముందూ అనేశారు. గ్యాలరీ మేనేజరు నన్ను ఒక్క మాటైనా అడగకుండా కొనేవారికి క్షమాపణ చెప్పారు. నాకు ఒళ్లు మండిపోయింది.

304 రేకు కొత్తగా వచ్చినప్పుడు అయస్కాంతానికి దాదాపు అంటదు. వేడి చేయకుండా సుత్తితో కొట్టి వంచినచోట మాత్రం లోపలి స్ఫటికాల అమరిక మారి మార్టెన్‌సైట్ ఏర్పడుతుంది. దానికి అయస్కాంతం పడుతుంది. ఇక అతుకులో పగుళ్లు రాకుండా కొద్దిగా ఫెర్రైట్ (ఇదీ అయస్కాంతం పట్టే స్ఫటిక రూపమే) ఉండేలా ఫిల్లర్ తీగనే, అంటే అతుకులో కరిగించి నింపే తీగనే, తయారుచేస్తారు. అంటే అయస్కాంతం పట్టినచోటల్లా నా చేతి పని ఉందన్నమాట! పైగా వంటగది సామాన్లలో వాడే 430 గ్రేడ్‌కు అయస్కాంతం గట్టిగా అంటుకుంటుంది, అదీ స్టెయిన్‌లెస్సే. ఇదంతా చెప్పి, రేకు తయారుచేసిన ఫ్యాక్టరీ ఇచ్చిన మిల్ సర్టిఫికెట్ చూపిస్తే, ఆ సలహాదారు "వెల్డింగ్ పనివాళ్లంతా ఇలాగే చెబుతారు" అన్నారు.

స్పెయిన్ శిల్పి హూలియో గొంజాలెజ్ 1918లో కార్ల ఫ్యాక్టరీలో వెల్డింగ్ నేర్చుకున్నాడు. పదేళ్ల తర్వాత లోహపు శిల్పాలు చేయడానికి పికాసో ఆయన సాయమే అడిగాడు. వెల్డింగ్ పనివాడు అనే మాటను తిట్టుగా వాడేవాళ్లు స్టీల్ శిల్పానికి సలహాదారులెలా అవుతారు?

చివరికి ఎక్స్‌ఆర్‌ఎఫ్ అనే, ఎక్స్-కిరణాలతో లోహాలను గుర్తించే పరీక్ష చేయించాను. చేతిలో పట్టుకునే పరికరాన్ని ఆనిస్తే క్షణాల్లో లోహాల శాతం చూపిస్తుంది, గీత కూడా పడదు. క్రోమియం 18 శాతం దగ్గర, నికెల్ 8 శాతం దగ్గర చూపించింది. 304 అంటే అదే. ఖర్చు నా నెత్తినే పడింది, క్షమాపణ మాత్రం ఎవరి నోటా రాలేదు.

మీరు అమ్మేటప్పుడు గ్రేడ్ ఏమిటో, అనుమానమొస్తే ఏ పరీక్ష చేయాలో, దాని ఖర్చు ఎవరిదో ఒప్పందంలోనే రాయించండి. రేకు కోసేముందు దాని మీద అచ్చయిన, అది ఏ విడత కరిగింపులో తయారైందో చెప్పే హీట్ నంబర్‌ను ఫొటో తీసుకోండి. మధ్యవర్తుల మాట మీద ఏదీ వదలకండి.

శిల్పం ఎక్కడ పెడతారన్న ముఖ్యమైన ప్రశ్న ఆ సలహాదారు అడగనే లేదు. సముద్రపు గాలి తగిలేచోట 304 మీద గోధుమరంగు మరకలొస్తాయి, అక్కడికి మాలిబ్డినం కలిసిన 316 కావాలి. నేనే కొనేవారిని అడిగాను. ఇంటి లోపలే అన్నారు. సరే అని పెట్టెలో బిగించి పంపాను. ఆ గ్యాలరీతో మాత్రం ఒప్పందం ఇక పొడిగించను.