నాకు మిగిలిన ఒకే ఒక్క మాట

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటుపక్కకి పడింది, అందుకని ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజార్లో రెండూ. మా నాన్న పెట్టిన స్టీలు, ఇత్తడి సామాన్ల కొట్టు 31 ఏళ్ళు నేనే నడిపాను. సామాను అందరి దగ్గరా ఒకటేనండీ, మా కొట్టు నడిచింది నా నోటితోనే. ఎవరు మెట్టెక్కినా లేచి ‘ఆసంతు ఆసంతు’ అనేవాణ్ణి, ఒడియాలో రండి రండి అని.

ఇదంతా నేను చెప్తుంటే మా అమ్మాయి టైప్ చేస్తోంది. నేను ముక్కలు ముక్కలుగా చెప్తాను, తను కలిపి చదివి వినిపిస్తుంది, అది కాదంటే చెరిపేసి మళ్ళీ అడుగుతుంది. ఒక్కో పేరాకి ఒక్కో సాయంత్రం పడుతోంది. వాక్యాలు సాఫీగా ఉంటే అది తన చలవ, విషయం మాత్రం నాదే.

2022 కార్తీకమాసం. పొద్దున్న పదింటికి ఒకావిడకి ఇత్తడి బిందె చూపిస్తూ ధర చెప్పబోయాను, నోట్లోంచి ఏదో వచ్చింది గానీ ధర రాలేదు. ఆవిడ ‘కఅణ?’ అంది, ఏంటని. మళ్ళీ చెప్పాను, నా చెవికే అర్థం కాలేదు. ఈలోపు కుడి చేతిలో బిందె జారిపోయి మెట్ల మీద పడి దొర్లుకుంటూ రోడ్డు మీదకి పోయింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఒకరు గ్యాస్ అన్నారు, ఒకరు వాతం అన్నారు, ఎవరో పంచదార నీళ్ళు పోస్తే పొలమారి ఊపిరాడలేదు, దగ్గర్లో ఒకాయన ఇంజెక్షన్ చేసి కాసేపు పడుకోబెట్టండి సర్దుకుంటుంది అన్నాడు. చివరికి కారు మాట్లాడి శ్రీకాకుళం తీసుకెళ్ళేసరికి సాయంత్రం ఐదు దాటింది. పక్షవాతం అన్నారు. మెదడులో రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ 4న్నర గంటల్లోపే ఇవ్వాలట. మూతి వంకర పోయినా, చెయ్యి జారిపోయినా, మాట తడబడినా ఆ మనిషి నోట్లో ఏమీ పొయ్యకండి, స్కాన్ ఉన్న ఆస్పత్రికి బేగి తీసుకెళ్ళండి. దండం పెట్టి చెప్తున్నాను.

మూడో రోజుకి తెలివి తేటగా వచ్చింది. మా ఆవిడ వంగి ‘ఏవండీ, నొప్పిగా ఉందా’ అంది. లేదు అందామనుకున్నాను. ‘ఆసంతు’ అన్నాను. డాక్టరు గారు పేరు అడిగారు. ‘ఆసంతు’. దాహం వేసినా ఆసంతు, బాత్రూముకి వెళ్ళాలన్నా ఆసంతు. పుట్టినప్పటి నుంచి మాట్లాడిన తెలుగులో ఒక్క ముక్క రాలేదు. లోపల మాట తెలుసు, ఆ వస్తువు కళ్ళ ముందు కనిపిస్తోంది, దాని పేరు మాత్రం గోడకి అటుపక్క ఉంది. కానీ పొద్దున్నే చదువుకునే శ్లోకం ఎవరైనా మొదలెడితే చివరిదాకా వచ్చేసేది, రెండో ఎక్కం ‘రెండొకట్ల రెండు, రెండు రెళ్ళ నాలుగు’ అని గడగడా వచ్చేది. అది చూసి మా వాళ్ళు ఈయన కావాలనే మాట్లాడట్లేదేమో అనుకున్నారు కూడా.

దీన్ని అఫేసియా అంటారని నాకు ఆరు నెలల తర్వాత తెలిసింది. డిశ్చార్జి కాగితంలో బీపీ మాత్ర ఉంది, రక్తం పలచబడే మాత్ర ఉంది, కుడి చేతికి ఫిజియోథెరపీ రాశారు, మాట గురించి ఒక్క లైను లేదు. పక్షవాతం వచ్చినవాళ్ళలో ఇంచుమించు ముగ్గురిలో ఒకరికి ఇది వస్తుందట, అయినా ఎవరూ చెప్పలేదు.

ఆ ఆరు నెలలు నేను వెనక గదిలో గోడ వైపు తిరిగి పడుకున్నాను. కొట్టు మా బావమరిది చూసుకున్నాడు. సాయంత్రం గుడి అరుగు మీద కూర్చునే నేస్తాలు మొదట్లో వచ్చారు, వచ్చి చెవిటివాడితో మాట్లాడినట్టు గట్టిగా అరిచి మాట్లాడేవారు, నేను జవాబు చెప్పేలోపే ఇంకో ప్రశ్న వేసేవారు, తర్వాత మా ఆవిడతోనే మాట్లాడి వెళ్ళిపోయేవారు, ఆ తర్వాత రావడమే మానేశారు. ఒక్కడు మాత్రం వారానికోసారి వచ్చి పక్కన కూర్చుని పేపరు చదివి వినిపించి, టీ తాగి వెళ్ళేవాడు. నన్ను మాట్లాడమని ఒక్కసారీ అడగలేదు. వాడు వచ్చే రోజు మాత్రం నేను గడ్డం గీయించుకునేవాణ్ణి.

మా ఆవిడ నా నోరైపోయింది. ‘ఆయనకి కాఫీ వద్దు, ఆయనకి చలేస్తోంది, ఆయన పడుకుంటారు.’ సగం సార్లు నాకు కాఫీ కావాలి. తప్పు పట్టట్లేదు, రాత్రి నేను కదిలితే తనూ లేచి కూర్చునేది, పుట్టింట్లో పెళ్ళికి కూడా వెళ్ళలేదు. ఈ జబ్బు నా ఒక్కడికే వచ్చిందనుకుంటారు గానీ దాని బరువు మా ఇద్దరి మీదా పడింది.

ఐదో నెలలో మా అమ్మాయికి సంబంధం వచ్చింది. వాళ్ళు బరంపురం నుంచి వచ్చారు. అందరూ ముందు గదిలో కూర్చున్నారు, నన్ను కూడా కుర్చీలో కూర్చోబెట్టారు, ముహూర్తాల దాకా వెళ్ళిపోయారు. నేను చెప్పాలనుకున్నది చిన్న మాట. ‘ఆగండి, దాని బీఈడీ పూర్తి కానివ్వండి.’ నా పిల్ల చదువు గురించి నేను చెప్పాల్సిన మాట అది. నోరు తెరిచాను. ‘ఆసంతు’ అని వచ్చింది. వాళ్ళకి ఒడియా వచ్చు. పెళ్ళికొడుకు మేనమామ చేతులు జోడించి ‘చూశారా, బావగారు రమ్మని పిలుస్తున్నారు’ అని నవ్వాడు, అందరూ సంతోషపడ్డారు, మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. కాదని తల ఊపాననుకున్నాను, అప్పట్లో అవునుకీ కాదుకీ తల కూడా తారుమారయ్యేది. ఎడమ చేత్తో కుర్చీ చేతిని కొట్టాను, ఇంకా కొట్టాను. ఎవరూ చూడలేదు. మా అమ్మాయి చూసింది. ట్రే కింద పెట్టి వచ్చి నా ముందు నేల మీద కూర్చుని ‘నాన్నా, వద్దంటున్నావా?’ అని బొటనవేలు కిందకి చూపించింది. నేను నా బొటనవేలు కిందకి తిప్పాను. ఆ రోజు అంతటితో ఆగింది. ఇప్పుడు ఇది టైప్ చేస్తున్నది ఆ పిల్లే, ఇక్కడికొచ్చాక కాసేపు ఆపేశాం.

అమ్మాయే ఫోన్లో వెతికి వైజాగ్‌లో ఒక స్పీచ్ థెరపిస్టుని పట్టుకుంది. మొదట నాలుగు సార్లు వెళ్ళాం, తర్వాత వీడియో కాల్లో. ఆమె మొదటి రోజే నన్ను చూసి చెప్పింది, ‘అంకుల్, మీ తెలివి ఎక్కడికీ పోలేదు, మాట దారి మూసుకుపోయింది అంతే.’ ఆ మాటకి ఏడ్చేశాను. 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు దగ్గరకి వచ్చిన ఒక మనిషి దేనికైనా ‘తాన్’ అనే అనేవాడట, చనిపోయాక చూస్తే మెదడులో ఎడమవైపు ముందు భాగం దెబ్బతిని ఉందట. నాలాంటివాడు అన్నేళ్ళ కిందటే ఉన్నాడని తెలిస్తే ఎందుకో ధైర్యం వచ్చింది. అమ్మభాష రాకుండా ఒడియా ఎందుకొచ్చిందని అడిగితే, రెండు మూడు భాషల వాళ్ళలో కొందరికి ఎక్కువ వాడిన భాష ముందు తిరిగొస్తుందని పిట్ర్ అనే ఫ్రెంచి డాక్టరు 1895లోనే రాశాడని, అందరికీ అలాగే అని మాత్రం లేదని చెప్పింది.

ఆమె ఇచ్చిన బొమ్మల కార్డుల్లో పుస్తకం మాటలు ఉండేవి, ఒక్కటీ నోటికి రాలేదు. ‘మీ ఇంట్లో మాటలే తెచ్చుకోండి’ అంది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, నాకు ఆ మాట చెప్పడానికి ఇంకొకరు కావాల్సొచ్చింది చూడండి. ఇక రోజూ సాయంత్రం మా ఆవిడ కొట్టులోంచి సామాన్లు తెచ్చి నా ముందు పెట్టేది. గరిటె పట్టుకుంటే పేరు అడగదు. దీంతో ఏం చేస్తాం? ఎక్కడ పెడతాం? దేంతో చేస్తారు? అన్నీ చూపించాక చివర్లో ‘గ...’ అంటుంది. బిందెని చెంబు అనేవాణ్ణి, చెంబుని మూకుడు అనేవాణ్ణి, తప్పని నాకే తెలిసేది, అదే పెద్ద హింస. పంతొమ్మిదో రోజు మా ఆవిడ ఇంకా ‘గ’ అనకుండానే గరిటె అన్నాను. తను ఆ గరిటె తీసుకెళ్ళి దేవుడి గదిలో పెట్టింది, ఇప్పటికీ అక్కడే ఉంది.

అంకెలు ఇంకా కష్టం. ఏడు చెప్పాలంటే ఒకటి నుంచి లోపల లెక్కపెట్టుకుంటూ వచ్చి ఏడు దగ్గర ఆగాలి. 340 రూపాయలు అనడానికి కాగితం మీద రాసి చూపిస్తాను. దిగులుకి కూడా డాక్టరు మాత్ర ఇచ్చారు, ఏడాది వేసుకున్నాను, దాచుకోవాల్సింది ఏమీ లేదు.

ఒక బ్యాంకులో నా ఎదురుగానే మా ఆవిడని ‘ఈయనకి తెలివి ఉందా?’ అని అడిగారు. ఎడమ చేత్తో సంతకం మారింది, మాట రాదు, అంతే కదా. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో మాట, భాష వైకల్యం కూడా ఒకటి, అందులో అఫేసియా పేరు ఉంది. మా అమ్మాయి ఆ పేజీ ప్రింటు తీసి తీసుకెళ్ళాకే పని అయింది. 2010లో కెనడాలోని ఒంటారియోలో ఒక స్టడీ వచ్చింది, దీర్ఘకాలం ఆస్పత్రుల్లో ఉండేవాళ్ళ జీవితాన్ని అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతీసేది అఫేసియా అని, క్యాన్సర్, అల్జీమర్స్ కూడా దాని తర్వాతే అని. నేను నమ్ముతాను. చెయ్యి పోతే మనుషులు దగ్గరకొచ్చారు, మాట పోతే దూరం జరిగారు.

ఇప్పుడు పొద్దున్న రెండు గంటలు కొట్టులో కూర్చుంటున్నాను. పాత గిరాకీలు ఆగుతారు, కొత్తవాళ్ళు పక్క కొట్టుకి వెళ్తారు. ఫోనంటే మాత్రం ఇంకా భయమే. మొహం కనపడదు, చెయ్యి ఊపితే తెలీదు, నేను మాట వెతుక్కునేలోపు అవతలివాళ్ళు సిగ్నల్ పోయిందనుకుని హలో హలో అని పెట్టేస్తారు. టెక్కలిలో మా చెల్లి కూడా అలాగే పెట్టేసేది. మొన్న ఆదివారం నేనే ఫోన్ చేశాను. ‘ఏటి తిన్నావ్ అన్నయ్యా’ అంది. వంకాయ అనాలి. బెండకాయ అన్నాను. కాదు అన్నాను. తర్వాత ఏమీ రాలేదు. చాలాసేపు ఏమీ రాలేదు. అటుపక్క ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ‘ఉన్నాను అన్నయ్యా, చెప్పు’ అంది. మళ్ళీ ఫ్యాను చప్పుడు. నల్లగా, గుండ్రంగా, మా పెరట్లో కాసినవి, తొడిమ దగ్గర ముల్లు గుచ్చుకుంటుంది, అన్నీ లోపల చెప్పుకున్నాను.

‘వంకాయ’ అన్నాను.

‘గుత్తా, పులుసా?’ అంది.