బర్టన్‌పోర్ట్ బస్సులో ప్యాకీ బోనర్ కబుర్లు

డబ్లిన్ నుంచి ఐర్లండ్ వాయవ్య మూలనున్న డొనెగాల్ కౌంటీకి వెళ్ళడం మ్యాప్‌లో చాలా తేలిక. అక్కడి లెటర్‌కెన్నీకి నేరుగా బస్సుంది. కాకపోతే అది ఓమా, స్ట్రబేన్ మీదుగా పోతుంది. అంటే కాసేపు ఉత్తర ఐర్లండ్‌లో, అంటే యూకేలో ఉంటాం. దారిలో గేటూ ఉండదు, మామూలుగా ఆపి అడిగేవాడూ ఉండడు. అయినా మన పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు యూకే వీసా లేకుండా ఆ బస్సెక్కడం రూల్ ప్రకారం కుదరదు. పక్క సీట్లో ఐరిష్ మనిషి గురక పెడుతూ దాటేసే గీత కోసం నాకెందుకు టెన్షన్ అని, రైల్లో స్లైగో దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి బస్సులు మారుతూ పైకి పోదామనుకున్నా. టైమూ ఎక్కువే, ఖర్చూ ఎక్కువే. ఇక్కడున్న మనవాళ్ళకి ఈ తిప్పలు కొత్తేం కాదు.

చుట్టుదారైనా స్లైగో రైలు బాలీమోట్‌లో ఆగుతుంది. ఆ ఊళ్ళో పుట్టిన వాల్‌ఫ్రిడ్ అనే క్రైస్తవ బ్రదరే 1887లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో సెల్టిక్ ఫుట్‌బాల్ క్లబ్ పెట్టించాడు. ఆకలితో ఉన్న ఐరిష్ వలస కుటుంబాల పిల్లలకి భోజనం పెట్టడానికి మ్యాచ్‌ల మీద డబ్బు పోగేయాలన్నది ఆయన ఆలోచన. నేను పోతున్నది ఆ సెల్టిక్‌కి 642 మ్యాచ్‌ల్లో గోల్‌కీపర్‌గా నిలబడ్డ ప్యాకీ బోనర్ ఊరు బర్టన్‌పోర్ట్ వైపు.

ఎందుకంటే, మా ఆఫీసులో జూన్ వస్తే చాలు, ఎవరో ఒకరు ఆ పెనాల్టీ వీడియో పెడతారు. 1990 జూన్ 25, ఇటలీలోని జెనోవా. ఐర్లండ్‌కి అదే మొదటి ప్రపంచ కప్. రొమేనియాతో 0-0, పెనాల్టీల్లో చెరి నాలుగు. ఐదోది కొట్టడానికి రొమేనియా ఆటగాడు టిమోఫ్టే వచ్చాడు, ఐర్లండ్ గోల్‌లో ఉన్న బోనర్ ఆపేశాడు. తర్వాత ఐర్లండ్ తరఫున ఓలియరీ గోల్ కొట్టాడు, దేశమంతా వీధుల్లోకొచ్చింది. అప్పటిదాకా ఆడిన నాలుగు మ్యాచ్‌ల్లో ఒక్కటీ ఆటలో గెలవకుండానే క్వార్టర్ ఫైనల్ చేరిన జట్టది! చిత్రమేంటంటే ఆ టిమోఫ్టే కూడా తర్వాత రొమేనియాలో బార్ పెట్టి దానికి 'పెనాల్టీ' అని పేరు పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళు గోల్ కాసిన మనిషిని అందరూ కొన్ని సెకన్ల వీడియోలో కుదించేశారేంటని నాకెప్పుడూ చిరాకు.

స్లైగో, డొనెగాల్ టౌన్ గురించి చెప్పడానికేం లేదు. రెండు చోట్లా వాన, రెండు చోట్లా కాఫీ రేటు చూసి మళ్ళీ జేబులో చెయ్యి పెట్టుకోవడం. అసలు ప్రయాణం డంగ్లో వైపు వెళ్ళే చిన్న బస్సులో మొదలైంది. డ్రైవర్‌కి ఎక్కేవాళ్ళందరూ తెలుసు. ఎవరి మోకాలు ఎలా ఉంది, ఎవరి కూతురు ఆస్ట్రేలియా నుంచి ఎప్పుడొస్తోంది అన్నీ కనుక్కున్నాకే బస్సు కదులుతుంది. నా పక్కన కూర్చున్న పెద్దాయన ముందు వాన గురించి, తర్వాత మా ఊరి గురించి అడిగి, ఎందుకొచ్చానో విని గట్టిగా నవ్వాడు.

"అందరూ టిమోఫ్టే గురించే అడుగుతారు. హాంప్‌డెన్ గురించి అడగరేం?" అన్నాడు.

బర్టన్‌పోర్ట్ చుట్టూ ఉన్న ఈ రాసెస్ ప్రాంతం నుంచి తరతరాలుగా జనం స్కాట్లండ్‌కి పనులకి పోయేవారు. ముందు బంగాళదుంపలు తవ్వడానికి, తర్వాత భవనాల పనికి. ఈయనా చాలా ఏళ్ళు గ్లాస్గోలో సిమెంటు మోసినవాడే. జెనోవాకి ఆరు వారాల ముందు, మే 12న, గ్లాస్గోలోని హాంప్‌డెన్ స్టేడియంలో స్కాటిష్ కప్ ఫైనల్ జరిగింది. సెల్టిక్, అబర్దీన్ 0-0. పెనాల్టీల్లో సెల్టిక్ 9-8 తేడాతో ఓడింది. గోల్‌లో ఉన్నది బోనరే. ఈయన ఆ రోజు స్టాండ్‌లో ఉన్నాడట. వరసగా పెనాల్టీలు లోపలికి పోతుంటే, ఇంక అటు చూడలేక ముందున్నవాడి టోపీ వంక చూస్తూ కూర్చున్నాడట. "అన్ని పెనాల్టీలు ఎదుర్కొని ఓడిపోయి వచ్చినవాడు గనకే జెనోవాలో భయపడలేదు" అని ఆయన లెక్క. లెక్క సరైందో కాదో గానీ ఆ మాట నాకు నచ్చింది.

నాకు వెంటనే పీటర్ తంగరాజ్ గుర్తొచ్చాడు. హైదరాబాద్‌లో పుట్టినవాడు, ఆయనా గోల్‌కీపరే. రహీమ్ సాబ్ కోచ్‌గా 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆట అయ్యాక బొకారోలో స్థిరపడి, 2008లో అక్కడే పోయాడు. మా ఊళ్ళో ఏ సిటీ బస్సులోనైనా ఆయన పేరెత్తితే ఎవరైనా ఇలా నవ్వుతారా అనిపించింది. ఆ సంగతి పెద్దాయనకి చెప్పలేదు, పరువు సమస్య.

మిట్టలు, రాళ్ళు, మధ్యలో చిన్న చిన్న చెరువులు, బస్సు వంగినప్పుడల్లా సముద్రం. ఆయన మాత్రం కిటికీలోంచి ఒక్కసారీ చూడలేదు. బోనర్ తన ఊరి పక్కనున్న కీడ్యూ రోవర్స్ జట్టులో ఆడిన రోజుల గురించి, చేతులూ కాళ్ళూ రెండూ వాడే గేలిక్ ఫుట్‌బాల్ ఆడటం గురించి, 1978లో సెల్టిక్ మేనేజర్ జాక్ స్టీన్ వెళ్ళిపోయే ముందు తీసుకున్న చివరి కుర్రాడు ఇతనే కావడం గురించి చెప్పుకుంటూ పోయాడు. 1994లో క్లబ్ వదిలించుకుందట. అంతలో టామీ బర్న్స్ మేనేజర్‌గా వచ్చి మళ్ళీ పిలిచాడు. మరుసటి ఏడాది ఎయిర్‌డ్రీని ఓడించి స్కాటిష్ కప్ గెలిచినప్పుడు బోనర్ వయసు 35. "వదిలించుకున్నవాళ్ళ మొహాలు ఆ రోజు చూడాల్సింది" అని చేతులు రుద్దుకున్నాడు.

ఆట మానేశాక ఏం చేశాడని అడిగా. ఆ ప్రశ్నకి ఆయనకి అంత ఉత్సాహం లేదు. గోల్‌కీపింగ్ కోచ్‌గా సెల్టిక్‌లో, ఇంగ్లండ్‌లో రెడింగ్‌లో పని. 2003 నుంచి 2010 దాకా ఐర్లండ్ ఫుట్‌బాల్ సంఘంలో టెక్నికల్ డైరెక్టర్. అంటే కోచ్‌లకి శిక్షణ, పిల్లలకి ఆట ఎలా నేర్పాలన్న ప్రణాళికలు, మీటింగులు, ఫైళ్ళు. టీవీలో వ్యాఖ్యానాలు సరేసరి. "ఆఫీసు పని. దానికెవరు చప్పట్లు కొడతారు?" అన్నాడు. నాకు మాత్రం ఆ ఏడేళ్ళ మీదే ఆసక్తి. దేశం కోసం 80 మ్యాచ్‌లాడిన మనిషి సోమవారం పొద్దున్నే కుర్చీలో కూర్చుని రిపోర్టులు చదవడం, నా ఉద్యోగమూ అదే కాబట్టేమో, ఆ పెనాల్టీ కన్నా కష్టమనిపించింది.

బర్టన్‌పోర్ట్‌లో దిగేసరికి ఆరన్‌మోర్ దీవికెళ్ళే పడవ బయల్దేరుతోంది. ఊళ్ళో గది అద్దె విని ఆ పడవలోనే పారిపోదామనుకున్నా: ఒక్క రాత్రికి 120 యూరోలు, మంచం పక్కన నడవాలంటే అడ్డంగా నడవాలి. మర్నాడు కీడ్యూ మైదానం దాకా నడిచా. అక్కడి గాలికి నా గొడుగు తిరగబడింది. ఈ గాలిలో ఎత్తు బంతులు పట్టడం నేర్చినవాడికి మిగతా స్టేడియాలు సులువే అయ్యుంటాయి.

సాయంత్రం పబ్‌లో బస్సు పెద్దాయన మళ్ళీ తగిలాడు. ఈసారి నేనే కదిపా, ఓర్లాండో సంగతి. 1994 జూలై 4న ప్రపంచ కప్‌లో హాలండ్ ఆటగాడు యోంక్ దూరం నుంచి కొట్టిన బంతి బోనర్ చేతుల్లోంచి జారి గోల్‌లో పడింది, ఐర్లండ్ 2-0తో ఓడి ఇంటికొచ్చింది. పెద్దాయన గ్లాసు కింద పెట్టి, ఎండ, చెమట, తడిచిన గ్లవ్స్ అని మొదలుపెట్టాడు. పక్క టేబుల్ కుర్రాడు, చేతుల్లోకొచ్చిన బంతి అది, సాకులొద్దన్నాడు. "నువ్వప్పటికి పుట్టనే లేదు" అని ఈయన. "యూట్యూబ్ పుట్టింది కదా" అని వాడు. బార్ వెనకున్నావిడ కూడా కుర్రాడి వైపు చేరింది. దాంతో పెద్దాయన హాంప్‌డెన్ నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. ఈలోగా నా చేప, చిప్స్ చల్లబడ్డాయి. బిల్లు మాత్రం 18 యూరోలే వేశారు.