జపాన్ హోమ్‌స్టేకి పిల్లల్ని పంపే ముందు

హోమ్‌స్టే ఫారంలో వెజిటేరియన్ అన్నచోట టిక్కు పెట్టి ఊరుకుంటే సరిపోదు. అమెరికా హైస్కూల్లో జపనీస్ చదువుతూ, వేసవిలో రెండు మూడు వారాలు అక్కడి కుటుంబంతో ఉండడానికి వెళ్లే మన పిల్లలకు ముందుగా తిండి దగ్గరే చిక్కొస్తుంది. టోఫు, ముల్లంగి మాత్రమే తేలుతున్న మిసో సూప్‌లోనూ, ఉడాన్ అనే లావు నూడుల్స్ రసంలోనూ దాషి ఉంటుంది. పొగబెట్టి ఎండబెట్టిన కత్సువో చేప తరుగు, కొంబు అనే సముద్రపు నాచు వేసి తీసిన నీళ్లవి. గుడ్డు అట్టులోనూ తరచు అవే పోస్తారు. చేప ముక్క కనబడదు కాబట్టి వండినావిడకు అది కూరగాయల వంటే. ఆవిడ తప్పేమీ లేదు.

కోడి, చేప తింటూ గొడ్డుమాంసం మాత్రం ముట్టని ఇళ్ల పిల్లలు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. హంబాగు అనే కీమా బిళ్లల్లో తరచు గొడ్డు, పంది కీమా కలిపేస్తారు. కూర చిక్కబడడానికి వేసే, కొట్లో దొరికే కర్రీ రూ అనే మసాలా దిమ్మల్లో చాలావాటిలో జంతువుల కొవ్వు ఉంటుంది, గిన్నెలో బంగాళాదుంప, క్యారెట్ తప్ప ఏమీ కనబడకపోయినా సరే. నికుజాగా అనే మాంసం, బంగాళాదుంపల కూరను టోక్యో వైపు ఎక్కువగా పందిమాంసంతో, ఒసాకా, క్యోటో వైపు గొడ్డుమాంసంతో చేస్తారు.

అందుకే జపనీస్‌లో ఒక చీటీ రాయించి ముందే పంపండి. మాంసం, కోడి, చేప, రొయ్య అని తిననివి పేరుపేరునా రాయాలి. గుడ్డు, పాలు, టోఫు, నాట్టో (పులియబెట్టిన సోయా గింజలు) అంటూ తినేవీ రాయాలి. లేకపోతే ఏం పెట్టాలో తోచక ఆవిడ సతమతమవుతుంది. అలర్జీయా, ఆచారమా అన్నదీ చెప్పాలి. దాషి ఫర్వాలేదా అన్నది పిల్లతో కూర్చుని ఇంట్లోనే తేల్చుకోండి. రెండో రోజు ఫోన్‌లో తేల్చే విషయం కాదది. వద్దనుకుంటే, కొంబుతో, ఎండు షిటాకే పుట్టగొడుగులతో మాత్రమే దాషి తీయమని అడగవచ్చు. బౌద్ధాలయాల్లో చేసే షోజిన్ అనే శాకాహార వంటలో వాడేది అదే.

చెప్పులు గుమ్మంలో విడవడం మన పిల్లలకు అలవాటే, కానీ పొరపాటు జరిగేదీ అక్కడే. గెంకాన్ అనే ఆ పల్లపు భాగం బయటి నేలతో సమానం. మనింట్లోలా బూట్లు విప్పి అక్కడే కాలు మోపి, ఆ పాదంతో పైకెక్కితే మురికి లోపలికొచ్చినట్టే లెక్క. బూటులోంచి తీసిన కాలు నేరుగా పై మెట్టు మీదే పెట్టాలి. ఆ తర్వాత వంగి బూట్ల ముక్కులు వాకిలి వైపు తిప్పాలి. టాయిలెట్ స్లిప్పర్లు టాయిలెట్‌లోనే వదలాలి. తతామీ చాప మీదికి ఏ స్లిప్పరూ పనికిరాదు.

స్నానాల తొట్టిలో నీళ్లు ఇంటిల్లిపాదికీ అవే. బయట స్టూలు మీద కూర్చుని సబ్బు, షాంపూ అంతా కడిగేసుకున్నాకే దిగాలి. కొబ్బరినూనె రాసుకునే అమ్మాయిలు జుట్టు పైకి ముడేసుకోవాలి, కొస కూడా నీళ్లలో తగలకూడదు. లేచాక తొట్టి ఖాళీ చేయకూడదు.

అన్నంలో చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చకూడదు, ఒకరి పుల్లల నుంచి మరొకరి పుల్లలకు ముద్ద అందించకూడదు. రెండూ చావు కర్మలను గుర్తుచేస్తాయి.

ఒక పూట ఆ ఇంటివాళ్లకు పిల్లచేత నిమ్మకాయ పులిహోర చేయించండి. నిమ్మకాయలు, నూనె, పసుపు, వేరుశనగలు అక్కడే దొరుకుతాయి. అక్కడి బియ్యం జిగురు కాబట్టి నీళ్లు కాస్త తగ్గించి వండాలి, వెడల్పాటి పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారాకే కలపాలి. వేడిమీద కలిపితే ముద్దయిపోతుంది. ఇక్కడి నుంచి పచ్చి కరివేపాకు, పండ్లు, జెర్కీ పెట్టెలో పెట్టకండి.

మందులూ చూసుకోండి. ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత లోపానికి) వాడే అడెరాల్‌ను డాక్టర్ చీటీ ఉన్నా జపాన్‌లోకి తీసుకెళ్లనివ్వరు. ముక్కు దిబ్బడ తగ్గించే సూడోఎఫెడ్రిన్ పది శాతం మించిన జలుబు మాత్రలూ అంతే.

పిల్లకు భారత పాస్‌పోర్టు ఉంటే జపాన్ వీసా కావాలి. హెచ్4 (హెచ్1బి ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) మీద ఉంటే పాస్‌పోర్టులోని అమెరికా వీసా స్టాంపు తేదీ కూడా చూడండి. కెనడా, మెక్సికోలకు కొద్దిరోజులు వెళ్లొస్తే, గడువు తీరిన స్టాంపుతోనూ తిరిగి రానిచ్చే సడలింపు జపాన్‌కు లేదు. స్టాంపు గడువు తీరితే ఐ-797 అనే ఆమోద పత్రం ఒక్కటే చూపి అమెరికాకు తిరిగి రాలేరు, కాబట్టి టికెట్ కొనకముందే ఆ పేజీ తెరిచి చూడండి.