అరతక్కువ మూడు

మా పిన్ని కొడుకుని కంపెనీవాళ్లు రెండు వారాల పని మీద నేనుండే జర్మనీకి, మ్యూనిక్ పంపుతున్నారు. దేశం దాటడం ఇదే మొదటిసారి. "అన్నా, పెద్ద సూట్‌కేసు తేనా, చిన్నదా?" అని రోజూ వాట్సాప్‌లో అడుగుతున్నాడు. సూట్‌కేసు సంగతి పిన్ని చూసుకుంటుంది, నువ్వు ముందు వీసా స్టిక్కర్ సరిగ్గా చదువు అన్నాను.

జర్మనీతో పాటు చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా మీద చెల్లుబాటు తేదీలు ఒకచోట ఉంటాయి, ఎన్ని రోజులు ఉండొచ్చో ఇంకోచోట ఉంటుంది. మనవాళ్లు తేదీలు చూసి నెల రోజులుందని మురిసిపోతారు. రోజుల గడిలో 15 అని ఉంటే పదిహేనే. దిగిన రోజు, తిరిగి బయల్దేరే రోజు కూడా అందులోకే వస్తాయి.

ఇక ఇమిగ్రేషన్. ఎందుకొచ్చావని అడిగితే నా మొదటి ట్రిప్పులో "ఆఫీస్ వర్క్" అనేశాను. మనకి మీటింగ్ కూడా వర్కే కదా! వాళ్ల లెక్కలో వర్క్ అంటే ఉద్యోగం, దానికి వీసా వేరు. ఇన్విటేషన్ లెటర్ చూపిద్దామంటే అది చెక్-ఇన్ సూట్‌కేసులో ఉంది. అరగంట పక్కన కూర్చోబెట్టారు. ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. అందుకే ఆ లెటర్, హోటల్ బుకింగ్, రిటర్న్ టికెట్, 30,000 యూరోలకి తగ్గని ఇన్సూరెన్స్ కాగితం, అన్నీ ప్రింట్ తీసి చేతిసంచిలో పెట్టుకోమన్నాను. మీటింగులకైతే మీటింగులకని చెప్పు. నిజంగా కూర్చోబెట్టి పని చేయించుకోవడానికే పంపుతుంటే మాత్రం ఆ వీసా చాలదు, హెచ్ఆర్‌ని ఇప్పుడే నిలదియ్యి.

ఆదివారం దిగకు. ఆ రోజు సూపర్‌మార్కెట్లన్నీ మూత. పెద్ద రైల్వే స్టేషన్లలో, పెట్రోల్ బంకుల్లో దొరికిందే తిండి. మన కార్డులు తీసుకోని బేకరీలు ఇప్పటికీ ఉన్నాయి, కాస్త నగదు ఉంచుకో. మెట్రోలో గేట్లుండవు కదా అని టికెట్ సంగతి తేలిగ్గా తీసుకోకు. కొన్ని టికెట్లు కొన్నాక మెషీన్‌లో ముద్ర కూడా వేయించాలి. మామూలు బట్టల్లో వచ్చి తనిఖీ చేస్తారు, దొరికితే 60 యూరోలు.

అన్నిటికంటే నన్ను ముంచింది గడియారం. క్లయింట్ ఆఫీసులో ఒకాయన ఇంగ్లీషులోనే "రేపు హాఫ్ త్రీ" అన్నాడు. బళ్లో నేర్చుకున్నదాన్ని బట్టి మూడున్నర అనుకున్నాను. మూడూ ఇరవైకి, పది నిమిషాలు ముందే వచ్చానన్న గర్వంతో వెళ్తే వాళ్లు కాగితాలు సర్దుకుంటున్నారు. జర్మన్‌లో "హాల్బ్ డ్రై" అంటే రెండున్నర. మూడుకి ఇంకా అరగంట ఉందని. మనం పావుతక్కువ మూడు అనమూ, వాళ్లది అరతక్కువ మూడు అనుకో. ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటేనే నయం. అప్పట్నుంచి ఏ టైమ్ చెప్పినా "14:30 కదా?" అని తిరిగి అడుగుతాను.

ఇంకో చిక్కు, పేరు. ఇక్కడ పెద్దమనిషి మర్యాదగా హెర్ (మన మిస్టర్ లాంటిది) అని చేర్చి ఇంటిపేరుతో పిలుస్తాడు. మా ఊళ్లో నన్ను ఇంటిపేరుతో పిలిచింది హాజరుపట్టీ ఒక్కటే. మొదటి రోజు కారిడార్‌లో ఎవరో వెనకనుంచి మూడుసార్లు పిలిచినా నేను తిరగలేదు, పొగరనుకున్నారో ఏమో. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఏముందో దానికి పలకడం ఇప్పట్నుంచే అలవాటు చేసుకోమన్నాను.

ఇంతలో పిన్ని ఫోన్ లాక్కుంది. నెయ్యి సీసా, కోవా, చికెన్ పచ్చడి అంటూ చిట్టా చదువుతోంది. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి పాలతో చేసినవీ మాంసమూ తేనివ్వరు, కస్టమ్స్‌లో పట్టుకుంటే పారేస్తారు పిన్నీ అంటే ఆవిడకి నమ్మకం కుదరలేదు. "నెయ్యి మాంసమెట్లా అవుతుందిరా?" అంది. ఆవకాయకి అడ్డులేదు, మూత బిగించి రెండు కవర్లు చుట్టమన్నాను. దాంతోపాటు ఒక అరకిలో కందిపొడి పెట్టు చాలు, నెయ్యి ఇక్కడి వెన్న కాచి నేనే వాడికి పోస్తానన్నాను.